సర్వరు వాకిళ్ల చరిత్ర

తిరుత్తణికి పడమట, షోలింగరు నరసింహస్వామి కొండకును పళ్లిపట్టునకును నడుమనున్న ఆర్.కె.పేట, అనగా రామకృష్ణరాజుపేట, ఇరువదవ శతాబ్దమున తానున్న తావునుండి అడుగైనను కదలకయే నాలుగు జిల్లాల పేర్లను ఒకదాని వెంట నొకటిగా ధరించినది. కార్వేటినగర సంస్థానపు సీమలోనిదైన ఈ ప్రాంతము 1911 దాక ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. ఆ యేట చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరెను. ఆంధ్రప్రదేశ్, మదరాసు రాష్ట్రముల నడుమ పటాస్కరు తీర్పు ననుసరించి చేసిన సరిహద్దుల మార్పు చట్టము 1960 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు రాగా తిరుత్తణితోపాటు మదరాసు రాష్ట్రమునకు పోయి చెంగల్పట్టు జిల్లాలోనిదయ్యెను. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడగా ఆ జిల్లా పేరు పెట్టుకొనెను. ఇంటి తెలుగు మారలేదు, మగ్గముల చప్పుడు మారలేదు, చెరువులును కొండలును ఉన్నచోటనే యున్నవి. జాబు పైని వ్రాయవలసిన విలాసము మాత్రము మాటిమాటికి మారినది. పాత విలాసముతో బయలుదేరిన జాబు దారిలో చిక్కుపడెనన్నచో అది ఊరి దోషము కాదు, జాబు మోసినవాని దోషమును కాదు.

క్లౌడు మీద, అనగా అద్దెకు తీసికొనిన యంత్రము మీద, నిలిపిన వెబ్ సర్వరు విషయమును ఇట్టిదే. సర్వరు చక్కగా నడచుచుండును, దాని లోపలి కార్యక్రమములన్నియు సవ్యముగా నుండును, దానిని నిలిపినవాడు తన గదిలో కూర్చుండి పుటలను చూడగలుగుచుండును. అయినను బయటినుండి వచ్చు మనుష్యుల కోరికలు దానిని చేరవు. ఎక్కడ ఆగినవి, ఎవరు ఆపిరి, ఎందులకు ఆపిరి అని వెదకు పని నేడు చెన్నపట్టణమునను బెంగుళూరునను హైదరాబాదునను అసంఖ్యాకులైన యువకులకు జీవనాధారమైన వృత్తి. ఈ వృత్తికి చరిత్ర యున్నదని చాలమంది తలంపరు. కాని బాటసారికిని సర్వరునకును నడుమనున్న వాకిళ్లు ఒక్కనాడు కట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క యుపద్రవము తరువాత, వేర్వేరు దేశములవారిచే నిర్మింపబడినది. ఏ వాకిలి ఏ భయమునకు పుట్టెనో యెరిగినవాడు అది బాటసారిని ఏ తీరున ఆపునో కూడ నెరుగును. దోషాన్వేషణమున సగము పని ఈ యెరుకయే యని నా నిశ్చయము.

ఈ వృత్తికి ఆద్యులు తంతివారు. 1855 ఫిబ్రవరిలో టెలిగ్రాఫు ఈ దేశమున ప్రజోపయోగమునకు తెరువబడు నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మదరాసు నగరములు తీగలచే కలుపబడియుండెను. అడవులలోను ఏటిగట్ల మీదను నూర్లకొలది మైళ్లు సాగిన తీగలో ఎక్కడనో చెడినచో, చెడిన తావు కానరాకున్నను, కార్యాలయమున కూర్చున్న ఉద్యోగి ఆ తావును ఊహింపవలసియుండెను. తంతివారు దోషములను మూడు జాతులుగా విభజించిరి: తీగ తెగుట, తీగ నేలకు తగులుట, ఒక తీగ మరియొక తీగకు తగులుట. తెగినచో విద్యుత్తు కదలకయే నిశ్శబ్దమగును. నేలకు తగిలినచో విద్యుత్తు పారును గాని గమ్యము చేరదు. మరియొక తీగకు తగిలినచో ఒకరికి పంపిన వార్త మరియొకరికి వినవచ్చును. లక్షణమును బట్టి జాతిని, వీట్‌స్టన్ వంతెనయను కొలత పరికరముచే నిరోధమును కొలిచి దూరమును తెలిసికొని, మధ్యనున్న కార్యాలయముల సాయముతో దారిని భాగములు చేసి, ఏ భాగమున దోషమున్నదో తేల్చిన తరువాతనే మనిషిని ఆ చోటికి పంపుచుండిరి. 1871 నాటికి మదరాసు తీరమునుండి పెనాంగు మీదుగా సింగపూరునకు సముద్రగర్భమున తీగ పడినప్పుడు ఈ విద్య మరింత అవసరమైనది. సముద్రమున దిగి వెదకుట సాధ్యము కాదు గనుక ఒడ్డుననుండియే కొలిచి చెప్పవలెను. మౌనమునకును నిరాకరణమునకును భేదము గుర్తించుట, దారిని భాగములుగా విరిచి పరీక్షించుట అను రెండు సూత్రములు తంతివారి సొత్తు. నేటి సర్వరు పరీక్షకులు తెలిసియో తెలియకయో వానినే అనుసరించుచున్నారు.

కంప్యూటర్ల నడుమ సందేశము ఒక్క ప్రవాహముగా పోక ప్యాకెట్టులను చిన్న మూటలుగా విడివడి పోవు పద్ధతి అమెరికాలో 1969 నుండి నడచుచుండెను. 1983 జనవరి 1వ తేదీన ఆ జాలమంతయు పాత నియమావళిని విడిచి టీసీపీ, ఐపీ యను నేటి నియమావళిని స్వీకరించెను. ఆ సంవత్సరము డిసెంబరులో మేరీలాండు రాష్ట్రపు అబర్డీనులోని సైనిక పరిశోధనాలయమున పనిచేయుచుండిన మైక్ మూస్ అను ఇంజనీరు, జాలము విచిత్రముగా ప్రవర్తించుట చూచి, ఒక్క రాత్రిలో చిన్న సాధనమును వ్రాసెను. జలాంతర్గామి ధ్వనిని పంపి మారుధ్వని కొరకు చెవియొగ్గునట్లు అది ఎదుటి యంత్రమునకు ఒక చిన్న ప్యాకెట్టును పంపి, మారుపలుకు వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. ఆ ధ్వనినే దానికి పేరుగా పెట్టి ‘పింగ్’ అనెను. ఆయన సాధనము సిద్ధమగు సరికి ఆ జాలపు దోషము సరిదిద్దబడియుండెను. సాధనము మాత్రము లోకమంతట వ్యాపించినది. 2000 నవంబరులో మూస్ రోడ్డు ప్రమాదమున మరణించెను. ఆయన పేరెరుగనివారు సైతము ఆయన సాధనమును నిత్యము వాడుచున్నారు.

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకును అక్కడికి 400 గజముల దూరముననున్న విశ్వవిద్యాలయమునకును నడుమ సందేశముల వేగము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. ఎనిమిదివందల భాగములలో ఒక్కటి మిగిలినదని లెక్కవేసికొనుడు. రెండు కార్యాలయముల నడుమ మనిషి చేతికి కాగితమిచ్చి పంపినను అంతకంటె త్వరగా చేరియుండును. ఆ ప్రయోగశాలలోని వాన్ జాకబ్‌సన్ ఈ పతనమునకు కారణమును వెదకుచు, కారణము కనుగొనుటయే కాక, పంపువాడు ఎదుటి త్రోవ బరువెరిగి తన వేగమును తగ్గించుకొను విధానమును టీసీపీకి నేర్పెను. నేటి ఇంటర్నెట్టు కుప్పకూలక నిలుచుటకు ఆ పాఠమే ఆధారము. ఆ వెదకులాటలో పుట్టిన సాధనములు రెండింటిని గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను.

మొదటిది ట్రేస్‌రూట్. ప్రతి ప్యాకెట్టునకును ఆయువు లెక్క యొకటి యుండును. త్రోవలోని ప్రతి మజిలీలోను అది యొక్కటి చొప్పున తరుగును. సున్న యగుచోటి యంత్రము ఆ ప్యాకెట్టును పారవేసి పంపినవానికి తెలియజేయును. దారి తప్పిన ప్యాకెట్టులు అనంతముగా తిరుగాడకుండుటకు చేసిన ఈ యేర్పాటును త్రోవ కనుగొనుటకు వాడుకొనవచ్చునని స్టీవ్ డీరింగ్ సూచింపగా, జాకబ్‌సన్ ఒకటి, రెండు, మూడు అని ఆయువు పెంచుచు ప్యాకెట్టులను పంపి, అవి చనిపోయిన మజిలీల పేర్లను వరుసగా సేకరించు సాధనమును వ్రాసెను. మరణవార్తల వలన మార్గమును గ్రహించు ఈ ఉపాయము శాస్త్రచరిత్రలో మిక్కిలి సుందరమైన వానిలో నొకటి. రెండవది టీసీపీడంప్. జాకబ్‌సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ కలిసి వ్రాసిన ఈ సాధనము యంత్రపు గుమ్మమున కూర్చుండి వచ్చు ప్యాకెట్టును, పోవు ప్యాకెట్టును చూచినది చూచినట్లు చెప్పును. అభిప్రాయములకు, అనుమానములకు, ఇతరుల హామీలకు ఇందు తావు లేదు. ప్యాకెట్టు వచ్చెనా, రాలేదా అన్నదే ప్రశ్న.

అంతవరకును సర్వరుల వాకిళ్లకు తలుపులు లేవనియే చెప్పవలెను. ఒక్కొక్క యంత్రమునకు 65,536 పోర్టులు, అనగా సంఖ్యలచే గుర్తింపబడు గుమ్మములు, ఉండును. ఏ సేవకు ఏ గుమ్మమో నిర్ణయించి పట్టిక వ్రాసియుంచిన మహానుభావుడు జాన్ పోస్టెల్. 1970 ప్రాంతమునుండి 1998లో మరణించు దాక ఆ పట్టికను ఆయన కాపాడెను. వెబ్బునకు 80, రహస్యలిపితో నడచు వెబ్బునకు 443 కేటాయింపబడినవి. ఫిన్లాండు దేశీయుడైన తాతు యిలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అను సురక్షిత ప్రవేశ విధానమును నిర్మించి, పాతవియైన 21కిని 23కిని నడుమ ఖాళీగానున్న 22 సంఖ్యను కోరి పొందెను. ఈ గుమ్మములన్నియు ఒకనాడు పరిచయస్థుల వీధిలోని ఇండ్లవలె తెరచియుండెను. 1988 నవంబరు 2వ తేదీ రాత్రి రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన పురుగు కార్యక్రమము ఆ తెరచిన గుమ్మములలో దూరి ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకి, అంచనా ప్రకారము ఆరువేల యంత్రములను స్తంభింపజేసెను. ఆనాటి జాలమునకు అది చిన్న సంఖ్య కాదు. తలుపుల యావశ్యకత అందరికిని ఒక్కమారు తెలిసివచ్చినది.

ఫైర్‌వాల్ అను కావలి ఆ కాలమున రూపుదిద్దుకొనెను. తొలినాటి కావలికి జ్ఞాపకశక్తి లేదు. వచ్చిన ప్రతి ప్యాకెట్టును విడివిడిగా చూచి, విలాసమును పోర్టును పట్టికతో సరిపోల్చి, విడుచుటయో త్రోయుటయో చేయుచుండెను. లోనికి వచ్చిన ప్రశ్నకు బయటకు పోవు జవాబు ఇదియని దానికి తెలియదు గనుక, లోనికి వచ్చుటకు ఒక యనుమతి, జవాబు బయటకు పోవుటకు వేరొక యనుమతి వ్రాయవలసియుండెను. 1993లో ఇజ్రాయేలు దేశమున స్థాపింపబడిన చెక్ పాయింట్ సంస్థ మరుసటి సంవత్సరము విడుదల చేసిన ఫైర్‌వాల్ జ్ఞాపకము గల కావలిని ప్రచారమునకు తెచ్చెను. లోనికి విడిచిన సంభాషణను అది గుర్తుంచుకొని, దాని జవాబును మరల ప్రశ్నింపక పోనిచ్చును. జ్ఞాపకము లేని కావలియు, జ్ఞాపకము గల కావలియు రెండును నేటి క్లౌడులో ఒక దాని వెనుక నొకటి నిలిచియున్నవి. అమెజాన్ క్లౌడులో మొదటిదానికి నెట్‌వర్క్ ఏసీఎల్ అనియు రెండవదానికి సెక్యూరిటీ గ్రూప్ అనియు పేర్లు. లోనికి 443 తెరచి, జవాబు పోవు త్రోవలో 1024 నుండి 65535 వరకు గల పోర్టులను ఏసీఎల్‌లో తెరువ మరచిన కారణమున దినముల తరబడి తలలు పట్టుకొనువారున్నారు. 1994కు పూర్వపు కావలి స్వభావము తెలిసినచో ఆ చిక్కు కొద్ది నిమిషములలో వీడిపోవును.

విలాసముల కొరత మరియొక వాకిలిని కట్టించెను. ఐపీ నాలుగవ కూర్పున విలాసములు 400 కోట్లకు కొంచెము మించినవి మాత్రమే. లోకమున యంత్రములు పెరుగగా అవి చాలవని 1990 నాటికే గ్రహించి, లోపలి వాడుకకు వేరు విలాసములు, బయటి వాడుకకు వేరు విలాసములు ఏర్పరచి, గడపయొద్ద ఒకదానిని మరియొకదానిగా మార్చు పద్ధతిని 1994లో ప్రకటించిరి. 10తో మొదలగునవి, 172.16 నుండి 172.31 వరకు గలవి, 192.168తో మొదలగునవి లోపలి వాడుకకేయని 1996 ఫిబ్రవరిలో శాసనప్రాయమైన పత్రము వెలువడెను. 2011 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్ర భాండాగారమునందలి కడపటి విలాసముల మూటలు పంచబడినవి. ఈ కొరత నేడు ధరగా మారినది: 2024 ఫిబ్రవరి 1 నుండి అమెజాన్ క్లౌడు బయటి విలాసము ఒక్కొక్కదానికి గంటకు అర అమెరికను సెంటు వసూలు చేయుచున్నది.

ఇక మన తీరమునకు వత్తము. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఆరంభించిన ఎర్‌నెట్ అను విద్యాజాలమున మదరాసు ఐఐటీ తొలిభాగస్వాములలో నొకటి. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు మదరాసుతో సహా కొన్ని మహానగరములలో సామాన్యులకు ఇంటర్నెట్టు నిచ్చిరి. ఫోను తీగ వెంట సెకనుకు 9.6 కిలోబిట్ల వేగము ఆనాడు గొప్ప. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు ద్వారములు తెరువబడగా, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంతానమై చెన్నపట్టణము కేంద్రముగా నడచిన సత్యం ఇన్ఫోవే ఆ రంగమున మొట్టమొదట ప్రవేశించెను. మరుసటి సంవత్సరము అమెరికాలోని నాస్‌డాక్ విపణిలో చోటు సంపాదించెను. 2002లో చెన్నపట్టణమునకును సింగపూరునకును నడుమ 3,200 కిలోమీటర్ల ఐ2ఐ కేబులు పడెను. తంతి తీగ పడిన 131 సంవత్సరములకు ఆ రెండు రేవుల నడుమనే గాజు తీగ పడినదన్న సంగతి చరిత్ర చదువువారికి ఆనందదాయకము. తరువాత కేబులులు ఒకదానిపై నొకటి వచ్చి, ఈ తీరము దేశపు ముఖ్యద్వారములలో నొకటి యయ్యెను.

క్లౌడు ఆ ద్వారము వెనుక వచ్చినది. అమెజాన్ 2006 ఆగస్టులో తన యంత్రములను గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించినప్పుడు, అద్దె యంత్రము చుట్టును సెక్యూరిటీ గ్రూప్ అను కావలిని ముందుగానే నిలిపెను. యజమాని అనుమతించినదే లోనికి వచ్చును, తక్కినదంతయు నిశ్శబ్దముగా పారవేయబడును. మోరిస్ పురుగు నేర్పిన పాఠము 18 ఏండ్లకు ఇట్లు సహజస్థితిగా మారినది. యంత్రమును తీసివేసి మరియొకటి నిలిపినప్పుడు బయటి విలాసము మారిపోవుచుండుటచే యాతనపడినవారికి 2008 మార్చిలో స్థిరవిలాసమును, 2009 ఆగస్టులో ఎవరి ప్రహరీ వారికుండునట్లు వీపీసీ అను ఏర్పాటును చేసిరి. 2015 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన దక్షిణ భారత కేంద్రమును చెన్నపట్టణమున, 2016 జూన్‌లో అమెజాన్ బొంబాయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో తెరచిరి. ఆర్.కె.పేటలో చేతిఫోను పట్టుకొనిన మనిషి కోరిక సింగపూరునకో వర్జీనియాకో పోవలసిన అవసరము ఇట్లు తగ్గినది.

ఇప్పుడొక సంగతి ఊహింతము. పళ్లిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పము, ఆర్.కె.పేట ప్రాంతముల నేతవారు కొందరు కలిసి తమ లుంగీలను చీరలను నేరుగా అమ్ముకొనుటకు ఒక వెబ్ సైటు పెట్టి, దానిని హైదరాబాదు కేంద్రములోని క్లౌడు యంత్రముపై నిలిపిరనుకొందము. పండుగ ముందు దినమున అది ఎవరికిని తెరుచుకొనుట లేదు. సైటు నడపు కుర్రవాడు మొట్టమొదట చేయవలసినది ఏదియు మార్చకుండుట. రెండవది, బయటివానికి కనబడుచున్నదేమో అడిగి తెలిసికొనుట. చాలసేపు తిరిగి తిరిగి కాలము మించెనని వచ్చినచో అది మౌనము: ప్యాకెట్టును ఎవరో చెప్పకుండ పారవేయుచున్నారు, లేక దానికి త్రోవయే లేదు. వెంటనే నిరాకరింపబడెనని వచ్చినచో అది సాధారణముగా శుభవార్త: ప్యాకెట్టు యంత్రము దాక చేరినది, ఆ గుమ్మమున వినువాడు లేడు. పుట వచ్చి దానిలో 403 అనియో 502 అనియో దోషసంఖ్య ఉన్నచో త్రోవలన్నియు బాగున్నవి. దోషము సాధారణముగా వెబ్ కార్యక్రమములోనిది. తంతి ఉద్యోగి మూడు జాతులను వేరుచేసినట్లు ఈ మూడింటిని వేరుచేయకయే అన్నిచోట్లను చేయిపెట్టువాడు పండుగ గడచినను సైటు తెరువలేడు.

మౌనమైనచో బయటినుండి లోనికి నడువవలెను. సైటు పేరు అడిగినప్పుడు డీఎన్‌ఎస్ అను నామపట్టిక ఏ విలాసము చెప్పుచున్నది? యంత్రమును నిన్న ఆపి మరల నడిపినచో, స్థిరవిలాసము పెట్టుకొననిచో, పేరు ఇంకను పాత విలాసమునే చూపుచుండవచ్చును. చిత్తూరు జిల్లా అని వ్రాసిన జాబు సంగతియే. ఆ విలాసము 10తోనో 172.31తోనో మొదలగుచున్నదా? అట్లయినచో లోపలి విలాసమును బయట ప్రకటించినారు. అది లోకమున ఎవరిని చేర్పదు. యంత్రమున్న సబ్‌నెట్టునకు, అనగా జాలపు తునకకు, బయటి ద్వారము వైపు త్రోవపట్టికలో దారి వ్రాసియున్నదా? ఏసీఎల్‌లో రాకకును పోకకును రెండు అనుమతులున్నవా? సెక్యూరిటీ గ్రూప్‌లో 443 తెరచినది ఎవరికి, లోకమునకా, తన ఆఫీసు విలాసమునకు మాత్రమా? రెండవదైనచో సైటు పెట్టినవానికి మాత్రము సైటు చక్కగా కనబడుచుండుటలో వింతలేదు. ఇక్కడ మన దేశమునకు విశేషమైన చిక్కొకటి కలదు. 2016 నుండి మన చేతిఫోను జాలములలో ఐపీ ఆరవ కూర్పు విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. డీఎన్‌ఎస్‌లో ఆరవ కూర్పు విలాసము వ్రాసి, సెక్యూరిటీ గ్రూప్‌లో నాలుగవ కూర్పునకు మాత్రమే అనుమతి వ్రాసినచో, ఆఫీసులోని కంప్యూటరుకు తెరుచుకొను సైటు వీధిలోని ఫోనునకు తడబడును.

పింగ్‌నకు జవాబు రాలేదు గనుక సర్వరు చచ్చెనని తీర్మానించుట ఈ వృత్తిలో పురాతనమైన పొరబాటు. మూస్ కాలమున ఆ పరీక్ష నమ్మదగినది. నేటి క్లౌడు కావలి వెబ్బును విడిచి పింగ్‌ను త్రోయుచుండవచ్చును. అడుగవలసినది 443 గుమ్మముననే అడుగవలెను.

ఇన్నిటికంటె బలమైన పరీక్ష యంత్రములోనికి పోయి టీసీపీడంప్‌ను నిలుపుట. లినక్సు యంత్రమున అది లోపలి ఫైర్‌వాల్ కంటె ముందే ప్యాకెట్టును చూచును. కనుక బయటినుండి ఒకడు సైటు తెరువ ప్రయత్నించుచుండగా, సిన్ అను తొలిపలకరింపు ప్యాకెట్టు అచ్చట కనబడినచో లోనికి వచ్చు త్రోవలోని క్లౌడు వాకిళ్లన్నియు దాటినట్లే, దోషము యంత్రములోపలిది గాని జవాబు పోవు త్రోవలోనిది గాని. కనబడకున్నచో లోపల ఎంత వెదకినను వృథా. బయటికి పోయి వెదకవలెను. సిన్ వచ్చి, దానికి యంత్రము బదులు పంపుచుండియు, పంపినవాడు మరల సిన్‌నే పంపుచున్నచో, పోవు త్రోవలో జవాబు చచ్చుచున్నది. జ్ఞాపకము లేని కావలిని అనుమానింపవలెను. సిన్ వచ్చి బదులే లేకున్నచో లోపలి ఐపీటేబుల్స్ వంటి ఫైర్‌వాల్ త్రోయుచున్నదని మొదట అనుమానింపవలెను. ఈ నాలుగు లక్షణములతో దారి మొత్తము రెండుగా విరిగిపోవుచున్నది. 2015లో అమెజాన్ వారు వీపీసీలో నడచు ప్రతి సంభాషణను అంగీకరించితిమనియో తిరస్కరించితిమనియో వ్రాసియుంచు ఫ్లో లాగ్‌ల సదుపాయమును కల్పించిరి. ముందుగా దానిని నడిపియుంచినవాడు గడచిన రాత్రి జరిగినదానిని కూడ చదువగలడు.

లోపల మిగిలినది వినువాడెవడన్న ప్రశ్న. వెబ్ కార్యక్రమము 127.0.0.1 మీద మాత్రమే చెవియొగ్గి కూర్చున్నచో అది ఆ యింటివారి పిలుపు తప్ప వినదు. బయటివారికి వెంటనే నిరాకరణము పోవును. దీనిని సరిచేయుచు 0.0.0.0 అని వ్రాయుట, అనగా ఎవరు పిలిచినను వినుమనుట, వెబ్ సర్వరునకు తగును. డేటాబేసునకు తగదు. 2017 జనవరిలో లోకమంతట వేలకొలది మాంగోడీబీ డేటాబేసులు అట్లు అందరికిని వినుచు, సంకేతపదము లేక, 27017 గుమ్మము తెరచియుండగా, దుండగులు లోనికి పోయి సమాచారమును తుడిచివేసి, తిరిగి ఇచ్చుటకు సొమ్మడిగిరి. ఆ సంవత్సరాంతమున వెలువడిన 3.6వ కూర్పుతో ఆ సంస్థవారు తమ కార్యక్రమము యజమాని చెప్పనిదే బయటివారి పిలుపు విననట్లు మార్చిరి.

దీనిని ఇంత విపులముగా చెప్పుటకు కారణమున్నది. సైటు తెరుచుకొననప్పుడు తొందరలో అన్ని పోర్టులను అందరికిని తెరచి, తెరుచుకొనెనని సంతోషించి, మరల మూయక పోవు అలవాటు ప్రబలుచున్నది. అది దోషాన్వేషణము కాదు. దోషమును కనుగొనకయే ఇంటి గోడలు పడగొట్టుట. ఏ కావలి ఆపెనో దానివలన తెలియదు, మరల ఆపినప్పుడు మొదటినుండి వెదకవలసియుండును, ఈలోపల 22వ గుమ్మమున సంకేతపదములను ఊహించి తట్టుచుండు యంత్రములు లోనికి పోవచ్చును. క్లౌడులో కొత్తగా విలాసము పొందిన యంత్రమును అట్టివి కొద్దిసేపటిలోనే తట్టుట మొదలిడునన్నది ఎవరైనను తమ లాగ్ పుస్తకమున చూచుకొనదగిన నిజము. ఒక మార్పు చేసి, పరీక్షించి, ఫలింపకున్నచో దానిని వెనుకకు తీసికొని, మరియొకటి చేయవలెను; ఇది నిదానమైన పనియని తోచును గాని కడకు ఇదియే త్వరితమైనది.

మన తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట సీమల తెలుగు పిల్లలు పెక్కుమంది ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదివి, ఇంగ్లీషులో ఈ వృత్తి నేర్చుకొనుచున్నారు. రాత్రివేళ ఎవరి సర్వరో మూగవోయినప్పుడు మేల్కొని, వాకిలి వెంట వాకిలి తట్టి, తెల్లవారు సరికి దానిని తెరచి, మరల ఆ సంగతి మరచిపోవుచున్నారు. తంతివారి పరీక్షా పద్ధతులు పుస్తకములుగా నిలిచినవి. జాకబ్‌సన్ తాను కనుగొన్నదానిని వ్యాసముగా ప్రకటించెను. అందువలననే అవి మనదాక వచ్చినవి. కనుక ఈ పనిలోనున్న సోదరులకును సోదరీమణులకును నా మనవి యొక్కటే: ఒక దోషమును సరిదిద్దిన మరునాడు, అది ఎట్లు కనబడెను, ఏ క్రమమున వెదకితిరి, ఏ వాకిట దొరికెను, ఏది మార్చితిరి అను నాలుగు సంగతులను ఒక పుటకు మించకుండ తెలుగులో వ్రాసి, తేదీ వేసి, తరువాత వచ్చు పిల్లలకు అందునట్లు ఉంచుడు.